బొట్టు పెట్టిన ఫుట్ వాల్వు

మా నాయన కేశవయ్యకు కంప్యూటరంటే భయం లేదు, చిరాకు. డోన్ బజారులో మాది పంపుసెట్ల స్పేరు పార్టుల అంగడి. బావిలో పైపు అడుగున నీళ్లు జారిపోకుండా పట్టే ఫుట్ వాల్వు కావాలన్నా, బేరింగు కావాలన్నా, స్టార్టరులో కాయిలు కాలిపోయినా చుట్టుపక్కల పల్లెల రైతులు మా మెట్లే ఎక్కుతారు. నేను పుట్టకముందే ఒక పెద్ద పంపుల కంపెనీ ఈ ప్రాంతానికంతటికీ మా నాయనకు ఏజెన్సీ ఇచ్చింది. ఏ వస్తువు ఏ అరలో ఉందో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. ఎవరైనా కంప్యూటరు మాటెత్తితే "నా తలకాయ ఉండంగా ఆ డబ్బా ఏంటికి?" అనేవాడు.

2005 మొదట్లో ఆ మాటకు కాలం చెల్లింది. కంపెనీ ఏరియా మేనేజరు రాఘవేంద్రప్రసాద్ గారు ఒకరోజు కారు దిగి అంగట్లోకి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే చేతి గడియారం చూసుకునే రకం. ఆ రకమంటే నాకు ఒళ్లు మంట. సగం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అసలు సంగతి బయటపెట్టారు.

"కేశవయ్యగారూ, ఉగాది నుంచి ఫోన్లో ఆర్డర్లు తీసుకోం. ప్రతి డీలరూ రోజూ అంగడి కట్టేసేముందు ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో ఇంటర్నెట్లో పంపాలి. మా హైదరాబాదు కంప్యూటరు అది చదువుకుని దేనికి కొరత పడితే దాన్ని లారీకెక్కిస్తుంది. ఎలాపడితే అలా పంపితే అది చదవలేదు. ఎక్స్‌ఎంఎల్ అని ఒక పద్ధతుంది, అందులోనే పంపాలి."

"పంపలేకపోతే?" అన్నాడు మా నాయన.

"కర్నూల్లో కొత్తగా షోరూము పెట్టిన వేణుగోపాల్ గారు డోన్ ఏరియా కూడా తనకే ఇవ్వమంటున్నారు."

అంతే అన్నారు. ఇంకేమీ అనక్కర్లేదు. మా నాయన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఏజెన్సీ పోతే మాకు మిగిలేది నాలుగు గోడలూ, ఖాళీ అరలూ.

నేనప్పటికి బీకాం పాసై, గల్లాపెట్టె పక్కన కూచుని బిల్లులు రాస్తున్నాను. నా పేరు నాగశ్రీ అయినా ఇంట్లో, అంగట్లో, బజారులో అందరికీ నేను పాపనే.

"ఆ ఎక్స్‌ఎంఎల్ నేను నేర్చుకుంటా నాయనా" అన్నాను. ఆ పేరు వినడం అదే మొదలు. పలకడంలో నాలుక కూడా మడతపడింది.

రాఘవేంద్రప్రసాద్ గారు నవ్వారు. పసిపిల్ల ఇంత బండరాయి ఎత్తుతానంటే నవ్వే నవ్వు అది. నేను నేర్చుకున్నదంతా ముందు ఆ నవ్వు మీద కోపంతోనే నేర్చుకున్నాను. అయ్యవార్ల దయ ఆ తర్వాతే.

*

అయ్యవారంటే జయపాల్ సార్. కర్నూల్లో రాజ్‌విహార్ దగ్గర, ఒక మందుల షాపు మేడ మీద ఆయన కంప్యూటర్ సెంటరు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తారు. మిగతా రోజుల్లో కీబోర్డు మీద కూడా అలాగే వేళ్లు ఆడిస్తారు. నేను పొద్దున రైలుకు కర్నూలు వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి అంగట్లో కూచునేదాన్ని. "ఆడపిల్లను రోజూ రైలెక్కిస్తాండావే శెట్టీ" అని ఎవరో అంటే మా నాయన "నువ్వు నేర్చుకోని వస్తావా? అట్లయితే నిన్నే ఎక్కిస్తా" అన్నాడు. ఆయన నోటికి ఆ బజారులో ఎదురులేదు. నాకు వచ్చింది అక్కడినుంచే.

మొదటి రోజు జయపాల్ సార్ కంప్యూటరు తెరవనే లేదు.

"అంగడి పిల్లవు కదమ్మా. మీ అరల మీద చీటీలు అంటిస్తారా?"

"అంటిస్తాం సార్."

"ట్యాగంటే ఆ చీటీనే. మామూలు వెబ్ పేజీ రాసే హెచ్‌టీఎంఎల్ ఉండాది చూడు, అది అక్షరం లావుగా కనపడాలా, ఎర్రగా కనపడాలా అని చెప్తాది. ఎక్స్‌ఎంఎల్ ఆ అక్షరం ఏందో చెప్తాది. ఆరు అని రాసినావనుకో. మనిషైతే చూసి తెలుసుకుంటాడు. మిషనుకేం తెలుసు? ఆరు ఫుట్ వాల్వులా, ఆరు రూపాయలా, ఆరో తారీఖా? అది నువ్వే చెప్పాల."

అని బోర్డు మీద సుద్దముక్కతో ఇలా రాశారు:

<వస్తువు>
<పేరు>ఫుట్ వాల్వు</పేరు>
<ఉన్నవి>6</ఉన్నవి>
</వస్తువు>

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. తెరిచినదాన్ని మూయాల. లోపల తెరిచినదాన్ని ముందు మూసి, బయటిదాన్ని తర్వాత మూయాల. ట్యాగులకు పేర్లు నీ ఇష్టం. కాకపోతే పంపేవాడూ చదివేవాడూ ఒకే పేర్లకు ఒప్పుకోని ఉండాల."

ఇంతే అన్నది నెల రోజులు నా ప్రాణం తోడేసింది. ఒక ట్యాగు మూయడం మరిచిపోతే కంప్యూటరు మొత్తం తిప్పికొట్టేది. ఎక్కడ మరిచానో చెప్పకుండా, ఎక్కడో కింద, అసలు తప్పు లేని వరుసలో తప్పుందనేది. ఒకరోజు కోపం పట్టలేక కీబోర్డును గుద్దాను.

"మెల్లిగమ్మా, అది నా సొంత దుడ్లు పెట్టి కొన్నది" అన్నారు జయపాల్ సార్, తల కూడా ఎత్తకుండా.

తిట్టుకుంటూనే నేర్చుకున్నాను. పేజీ ఎలా కట్టాలో, దాంట్లో టైపు చేసిన అంకెలను ప్రోగ్రాము ఎలా అందుకోవాలో, వాటిని ఒక్కొక్కటే ట్యాగుల మధ్య ఎలా కూర్చోబెట్టాలో, మొత్తం మూట కట్టి కంపెనీ సర్వరుకు ఎలా పంపాలో. కంపెనీవాళ్లు ఏ ట్యాగు తర్వాత ఏది రావాలో ఒక కట్టుబాటు రాసి పంపారు. ఆ కట్టుబాటులో లేని ట్యాగు ఒక్కటి కనపడినా వాకిట్లోనే ఆపి వెనక్కి పంపేస్తారు. ఎన్నోసార్లు వెనక్కొచ్చింది. ఒకసారి ట్యాగుల వరుస తప్పింది, ఒకసారి అంకె ఉండాల్సిన చోట నేను అంకెతోపాటు "జతలు" అని కూడా రాశాను.

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం, పంపే మీట నొక్కాను, కళ్లు మూసుకున్నాను, తెరిచాను. తెర మీద "అందింది" అని వచ్చింది. ఇంగ్లీషులోనే వచ్చిందనుకోండి, నాకు మాత్రం అచ్చ తెలుగులో వినపడింది. మేడ మెట్లు రెండేసి దూకుతూ దిగి, సెంటరులో ఉన్నవాళ్లందరికీ ఉగ్గాని బజ్జి కట్టించుకుని వచ్చాను. నా జన్మలో అంత రుచైన ఉగ్గాని తినలేదు.

అంగట్లో కంప్యూటరు పెట్టించాం. సాయంత్రం మా పాత మనిషి రంగన్న నిచ్చెనెక్కి అర అరకూ లెక్కపెట్టి చెప్పేవాడు, నేను పేజీలో టైపు చేసి పంపేదాన్ని. మా నాయన ఎడంగా నిలబడి చూసేవాడు. "ఇంతేనా?" అని ఆయన కూడా అన్నాడు. నేను నవ్వుకున్నాను.

*

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే సరుకు రావడం మానేసింది.

ఎండలు ముదిరే కాలం. బావుల కింద వేసవి వేరుసెనగ కాయ పట్టే దశలో ఉంటుంది. మోటారు ఒక్క రోజు ఆగితే రైతు ప్రాణం విలవిల్లాడుతుంది. సరిగ్గా అప్పుడే మా అరలు ఒక్కొక్కటే అడుగంటసాగాయి. లారీ వస్తుందేమోనని మా నాయన రోజూ బజారు మొదటికి చూసేవాడు. ఫోను చేస్తే, "ఫోన్లో ఆర్డర్లు లేవండీ, కంప్యూటరు పంపుతుంది" అనే పాటే. ఆ కంప్యూటరేమో మాకు ఏదీ పంపదు. నేను రోజూ పంపుతూనే ఉన్నాను, రోజూ "అందింది" అంటూనే ఉంది.

ఒకరోజు రాఘవేంద్రప్రసాద్ గారే ఫోను చేశారు.

"కేశవయ్యగారూ, మీ దగ్గర సరుకు కదలడం లేదు. వారాల తరబడి ప్రతి వస్తువూ అలాగే పడి ఉంది. ఈ సీజన్లో కూడా అమ్మలేకపోతే పైవాళ్లకు నేనేం చెప్పను? నెలాఖరుకు కర్నూల్లో డీలర్ల మీటింగు ఉంది. ఏ ఏరియా ఎవరికి అనేది అక్కడే తేల్చేస్తాం."

మా నాయన ఫోను పెట్టి నా వైపు తిరిగాడు. రంగన్న అక్కడే ఉన్నాడు.

"సరుకు లేక నేను సస్తాంటే, కదలకుండా పడి ఉండాదంటాడే! నీ ప్రోగ్రాములోనే ఏదో తప్పుండాది పాపా. తెలీని పని నెత్తినేసుకుంటే ఇట్లే ఉంటాది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, కోపం. "తప్పు యాడుందో సూపించు, సరిచేస్తా. ఊరికే అనద్దు" అన్నాను. ఆయన చూపించలేడని నాకు తెలుసు. నేను కూడా చూపించలేకపోయాను. ప్రోగ్రాము మొదటినుంచి చివరిదాకా చదివాను. పంపిన ప్రతి మూటా తెరిచి చూశాను. ట్యాగులన్నీ తెరిచి ఉన్నాయి, మూసి ఉన్నాయి. అంకెలన్నీ రంగన్న చెప్పిన అంకెలే. ఏ తప్పూ లేకపోవడం అంత భయపెట్టగలదని అప్పుడే తెలిసింది.

శుక్రవారం పొద్దున మా నాయన అంగట్లో పూజ చేస్తున్నాడు. ప్యాపిలి వైపు నుంచి కంబన్న అనే రైతు వచ్చాడు. రాత్రి మోటారు నీళ్లు వదిలేసిందట, ఫుట్ వాల్వు మార్చాలట. ముఖమంతా దుమ్ము.

"ఫుట్ వాల్వు ఉండాదా పాపా?"

నేను అర వైపు చూశాను. ఆయనా చూశాడు. అరలో ఒక్కటే ఉంది, దాని నెత్తిన అప్పుడే పెట్టిన కుంకుమ బొట్టు.

"ఓ, లక్ష్మి కూచోని ఉండాదే. సరే, వచ్చినాక చెప్పంపు పాపా" అని, ఇంకొక్క మాట అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

మా అంగట్లో ఒక పద్ధతుంది. ఏ అరా బోసిపోకూడదు. అమ్ముతూ అమ్ముతూ కడపటిది ఒక్కటి మిగిలిందంటే దాన్ని ఇంక అమ్మరు. బొట్టు పెట్టి అరలోనే నిలుపుతారు. కొత్త సరుకు వచ్చి పక్కన చేరినాకే దానికి విడుదల. దాన్ని లక్ష్మిపీసు అంటాం. మా తాతనాటి నుంచీ అంతే. మా రైతులకు కూడా తెలుసు, బొట్టున్నదాన్ని అడగరు. నేను పుట్టి కళ్లు తెరిచినప్పటినుంచీ చూస్తున్నది కాబట్టి దాన్ని పద్ధతి అని కూడా ఎన్నడూ అనుకోలేదు.

కంబన్న వెళ్లిపోయాక కూడా నేను ఆ అర ముందే నిలబడ్డాను. అరలో ఒకటి ఉంది. నేను పంపిన మూటలో కూడా ఒకటే ఉంది. రెండూ నిజమే. కానీ కంబన్న ఒక్క చూపులో తెలుసుకున్నది హైదరాబాదు కంప్యూటరుకు తెలియదు. దానికి ఒకటే కనపడింది, బొట్టు కనపడలేదు.

వెంటనే కంపెనీ కంప్యూటర్ సెక్షనుకు ఫోను చేశాను. క్రిస్టినా అనే అమ్మాయి ఎత్తింది.

"మీ సిస్టమ్ సరుకు ఎప్పుడు పంపుతుందండీ?"

"చిన్న డీలర్లకైతే నిల్వ సున్నా అయినప్పుడండీ. సరుకు పేరుకుపోకూడదని ఆ రూలు. మీ దగ్గర అన్నీ ఒక్కొక్కటి ఉన్నాయి కదా, అవి అమ్ముడుపోతే వెంటనే వస్తుంది."

నేను గట్టిగా నవ్వేశాను. పాపం ఆ అమ్మాయి బెదిరిపోయి ఉంటుంది. సున్నా అయితే తప్ప వాళ్లు పంపరు, సరుకొస్తే తప్ప మేం సున్నా కానివ్వం. ఇద్దరం ఎదురుబొదురుగా కూచుని, నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాదలు చేసుకుంటున్నాం!

*

జయపాల్ సారుకు చెబితే ఆయనా పడీ పడీ నవ్వారు. "ఒక్క వరుస రాస్తే సరిపోతాది కదమ్మా. పంపేముందు ప్రతి అంకెలోనుంచీ ఒకటి తీసెయ్" అన్నారు.

మా నాయన ముందు ఆ మాట పెట్టాను. ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"నా అంగట్లోనుంచి సున్నా పోదు. ఉన్నదాన్ని లేదని రాస్తామా? రేపు కంపెనీవాడొచ్చి అరలు లెక్కబెట్టి, ఒకటి దాసినావే కేశవయ్యా అంటే నేను యాడ తల పెట్టుకోవాల?"

నిజం చెప్పాలంటే ఆయన అలా అన్నందుకు నాకు సంతోషమే అయింది. అబద్ధం ఆడి గెలవడం నాకూ ఇష్టం లేదు. ఆరంటే ఏ ఆరో చెప్పడానికే కదా ట్యాగులు పుట్టింది. అలాంటప్పుడు ఈ ఒకటి ఏ ఒకటో ఎందుకు చెప్పకూడదు? బొట్టు కూడా ఒక చీటీనే. దాన్ని మిషను చదివే భాషలో అంటించాలి, అంతే.

కొత్త ట్యాగు కట్టాను. ఉన్నవి ఒకటి. దాని కింద, నిలిపినవి ఒకటి. అమ్మడానికి ఎన్నో కావాలంటే మొదటిదానిలోనుంచి రెండోది తీసేసుకుంటే సరి. పేజీలో కూడా ప్రతి వస్తువు పక్కన ఇంకొక గడి పెట్టాను. అంతా కట్టి పంపితే కంపెనీ వాకిట్లోనే తిప్పికొట్టింది, కట్టుబాటులో లేని ట్యాగని. క్రిస్టినాకు ఫోను చేశాను.

"మీరు చెప్పేది అర్థమైందండీ. కానీ ఒక్క డీలరు కోసం కట్టుబాటు మార్చమంటే మావాళ్లు ఒప్పుకోరు" అంది.

ఒక్క డీలరు కోసం! సరే, ఒక్కరమే ఎందుకవుతాం? కంపెనీ డీలర్ల నంబర్లు మా నాయన దగ్గర ఉన్నాయి. బద్వేలు నుంచి మొదలుపెట్టాను. ఒక్కటే ప్రశ్న. "అన్నా, మీ అంగట్లో కడపటిది అమ్ముతారా?"

"యాడన్నా అమ్ముతారామ్మా?" అన్నాడు బద్వేలాయన, నేనేదో బూతు మాట అన్నట్టు. "ఏంటికి అడుగుతాండావు?"

"మీకు సరుకు వస్తాందా?"

అంతే, ఆయన కట్ట తెగింది. వారాలుగా ఒక్క బేరింగు రాలేదు. కొడుకు చేత ఎవరికో డబ్బిచ్చి ప్రోగ్రాము రాయించుకున్నాడట, ఆ రాసినవాణ్ని రోజూ తిడుతున్నాడట. ఇంకో ఊరు, ఇంకో ఊరు, ఎక్కడ అడిగినా ఇదే కథ. రాజంపేటాయన అయితే ఇంకో మెలిక వేశాడు. "మేం ఒకటి కాదమ్మా, జత నిలుపుతాం. ఒంటిది నిలపకూడదు." ఒకటి తీసేసే ఉపాయం ఆయన దగ్గర పారేది కాదు. నా ట్యాగైతే ఒకటన్నా ఒప్పుకుంటుంది, రెండన్నా ఒప్పుకుంటుంది. ఫోను పెట్టి నా భుజం నేనే తట్టుకున్నాను.

*

నెలాఖరు మీటింగు కర్నూల్లో ఒక హోటలు హాల్లో. జయపాల్ సార్ తన కంప్యూటరును ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. హాలంతా మగవాళ్లే. మా నాయన పక్కన నేను కూచుంటే, పెళ్లికొచ్చిన పిల్లనేమో అన్నట్టు చూశారు. ముందు వరుసలో షోరూము వేణుగోపాల్ గారు నిశ్చింతగా కాలు మీద కాలేసుకున్నారు. వాళ్లది కొత్త వ్యాపారం, కడపటిదైనా మొదటిదైనా అమ్మేస్తారు, వాళ్లకు సరుకు నీళ్లలా వస్తోంది.

రాఘవేంద్రప్రసాద్ గారు గడియారం చూసుకుని మొదలుపెట్టారు. డోన్, బద్వేలు, రాజంపేట, సరుకు కదలని ఏరియాలు అని చదువుతుండగా నేను లేచాను. గొంతు వణకలేదు, అది మా నాయన గొంతు.

"సార్, సరుకు కదలక కాదు. మా దగ్గరున్నది మీ కంప్యూటరుకు సగమే కనపడుతోంది. మిగతా సగం నేను చూపిస్తా, ఒక్క నిమిషం ఇవ్వండి."

కంప్యూటరు ముందు కూచుని చూపించాను. ఈ గడి ఉన్నవి, ఈ గడి నిలిపినవి. జయపాల్ సారూ నేనూ కలిసి కంపెనీ సిస్టమ్‌కు నకలు ఒకటి చిన్నది కట్టుకొచ్చాం. పాత మూట పంపితే అది కదలకుండా కూచుంది. కొత్త ట్యాగున్న మూట పంపగానే, ఫుట్ వాల్వులు పంపాలి అని ఆర్డరు రాసేసింది. వెనక వరుసలో ఎవరో "ఆఁ!" అన్నారు.

రాఘవేంద్రప్రసాద్ గారికి విషయం తెలిసింది. అయినా ఒప్పుకోవడం కష్టమైంది. "అమ్మా, మీ మీ అంగళ్ల నమ్మకాలకు కంపెనీ కంప్యూటర్లో చోటెలా ఇస్తాం చెప్పు?" అన్నారు. కొందరు నవ్వారు.

నాకు మళ్లీ ఆ మొదటి నవ్వు గుర్తుకొచ్చింది.

"సార్, మీరు కారులో వచ్చారు కదా. దాంట్లో చక్రాలెన్ని?"

"నాలుగు."

"డిక్కీలో ఉన్న స్టెపినీ?"

ఆయన కిటికీలోంచి తన కారు వైపు చూశారు.

"లెక్కపెడితే అయిదు, తిరిగేవి నాలుగు. ఆ అయిదోదాన్ని దేనికి నిలిపారో మీకు తెలుసు. అయిదు చక్రాలున్న కారు అని రాసిచ్చి, నాలుగే తిరుగుతున్నాయి, ఈ కారు పనికిరాదు అంటే మీరు ఊరుకుంటారా? మేం కూడా ఊరుకోం. మాకు సున్నా రాయడం చేతకాదు, అబద్ధం రాయడం అంతకన్నా చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పడానికి ఒక్క ట్యాగు అడుగుతున్నాం."

బద్వేలాయన లేచి "మాకూ అదే కావాల సార్" అన్నాడు. రాజంపేటాయన లేచాడు. ఒక్కొక్కరే లేస్తుంటే కుర్చీల చప్పుడుతో హాలు నిండిపోయింది. మా నాయన కూచునే ఉన్నాడు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత చూస్తే, ఆయన పై పంచె కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

రాఘవేంద్రప్రసాద్ గారు ఆ రోజు ఇంక గడియారం చూసుకోలేదు. ఫోను తీసి అక్కడినుంచే హైదరాబాదుకు మాట్లాడారు. అవతల క్రిస్టినా ఉన్నట్టుంది, "అవును సార్, సులభమే సార్" అనడం నాకు కూడా వినపడింది. ఏరియాల సంగతి వాయిదా వేశారు. వేణుగోపాల్ గారు కాలు దించి సరిగా కూచున్నారు.

*

కట్టుబాటులోకి నా ట్యాగు వచ్చిన రోజున క్రిస్టినా తానే ఫోను చేసి చెప్పింది. ఆ సాయంత్రం రంగన్న నిచ్చెన మీదినుంచి రెండేసి అంకెలు అరిచాడు. "బేరింగు ఉన్నది ఒకటి, నిలిపింది ఒకటి! ఫుట్ వాల్వు ఉన్నది ఒకటి, నిలిపింది ఒకటి!" అంగడి అంగడంతా వినాలన్నట్టు అరిచాడు. పంపాను. అందింది అంది.

రెండో రోజు మధ్యాహ్నానికి లారీ వచ్చి మా మెట్లకు ఆనుకుని ఆగింది. ఫుట్ వాల్వులు, ఇంపెల్లర్లు, బేరింగులు, కాయిళ్లు, అట్టపెట్టెల మీద అట్టపెట్టెలు. కబురందిన రైతులు అప్పటికే వచ్చి నిలబడ్డారు. పాత వాల్వుకే అతుకేసి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన కంబన్న, అట్టపెట్టె విప్పేదాకా కూడా ఆగకుండా తనే చించి ఫుట్ వాల్వు తీసుకున్నాడు. బజారంతా మా ముందే గుమికూడింది. నాకు సిగ్గూ లేదు, బిడియమూ లేదు. ఇదంతా నేను చేశాను, నేనే చేశాను అని లోపల ఒకటే కేకలు. ఆ మాట పైకి కూడా అన్నాననుకుంటాను, ఎందుకంటే రంగన్న "అవునమ్మా, నువ్వే చేసినావు" అన్నాడు.

ఆ నెల డోన్ అమ్మకాలు కర్నూలు షోరూమును దాటేశాయి. బద్వేలు, రాజంపేట డీలర్లు తమకు కూడా ప్రోగ్రాము రాసివ్వమని మా అంగడికే వచ్చారు. జయపాల్ సార్ సెంటరులో నాకంటూ ఒక కుర్చీ, ఒక కంప్యూటరు వెలిశాయి. ఆ కీబోర్డు మాత్రం నేనే కొనుక్కోవాలని షరతు పెట్టారాయన.

ఒకరోజు పొద్దున అంగట్లో ఫోను మోగింది. మా నాయన ఎత్తాడు. రాఘవేంద్రప్రసాద్ గారి గొంతు పక్కనున్న నాకు కూడా వినపడుతోంది.

"కేశవయ్యగారూ, శుభవార్త. డోన్ ఏరియా మీదే. ఏజెన్సీ కాగితాలు కొత్తగా రాస్తున్నాం. పాత ప్రకారం మీ పేరే రాసేయమంటారా?"

మా నాయన ఫోను నా చేతిలో పెట్టి, అవతలివాళ్లకు వినపడేలా గట్టిగా చెప్పాడు.

"నన్నేంటికి అడుగుతావు సార్? డీలరు ఈడనే ఉండాది, ఆయమ్మనే అడుగు."

ఆయన నన్ను పాప అనకపోవడం నాకు తెలిసి అదే మొదలు. ఫోను చెవికి పెట్టుకున్నాను. అవతల రాఘవేంద్రప్రసాద్ గారు ఓపిగ్గా ఆగి ఉన్నారు.

"రాసుకోండి సార్" అన్నాను. "నాగశ్రీ."